పుట్నాల పొడి నీళ్లు తాగితే వడదెబ్బ తగలదా?

ప్రశ్న: మాది ఆదోని. మా ఆయనకు 52 ఏళ్లు, బేల్దారి పని. ఆరేళ్లుగా షుగరుంది, మాత్రలు వాడుతున్నాడు. పనిలో ఉన్న బిహార్ కుర్రోళ్లు పొద్దున్నే సత్తు (వేయించిన శనగల పొడి) నీళ్లలో కలుపుకొని తాగుతారట, వాళ్లకు వడదెబ్బే తగలదట. టిఫిన్ వద్దు, పుట్నాలతో అదే చేసివ్వు అంటున్నాడు. ఇవ్వొచ్చా? ఎలా చేయాలి?

జవాబు: ఇవ్వండమ్మా, మంచిదే. టిఫిన్ బదులుగా మాత్రం వద్దు. ఆయన మాత్రల్లో గ్లిమిపిరైడ్ (తిండి తగ్గితే షుగర్‌ను మరీ కిందికి దించేసే మందు) ఉందేమో ముందు చీటీ చూడండి. అది వేసుకుని, ఓ గ్లాసు సత్తుతో సరిపెట్టుకొని ఎండలో ఇటుకలు మోశాడంటే పదకొండింటికల్లా చెమటలు, వణుకు, కళ్లు తిరగడం మొదలవ్వొచ్చు, పక్కనున్నోళ్లేమో వడదెబ్బ అనుకుంటారు గానీ అది షుగర్ పడిపోవడం, వెంటనే చక్కెర నీళ్లు తాగించాలి. పొద్దున జొన్నరొట్టె తినిపించి పంపండి, సత్తు పదింటప్పుడు తాగొచ్చు.

ఉగ్గాని మీద చల్లుకునే పప్పుల పొడి తీసి కలిపేయకండి, అందులో ఎల్లిపాయ, కారం అన్నీ ఉంటాయి. పొట్టుతో వేయించిన శనగలు తెచ్చి మిక్సీలో మెత్తగా పట్టండి. జల్లించొద్దు, షుగరున్నోళ్లకు కావాల్సిన పీచు ఆ పొట్టులోనే ఉంది. బజ్జీలకు వాడే శనగపిండి అసలే వద్దు, అది పచ్చిది, కడుపుబ్బరం ఖాయం. రెండు పెద్ద చెంచాల పొడిలో ముందు కాసిన్ని నీళ్లే పోసి, ఉండల్లేకుండా జారుగా కలిపాక గ్లాసు నిండా కుండనీళ్లు పోయండి. వేయించిన జీలకర్ర పొడి, నిమ్మరసం, చిటికెడు ఉప్పు, సన్నగా తరిగిన ఎర్రగడ్డ వేస్తే రుచే వేరు. బెల్లం వద్దు. కలిపి సీసాలో పోసి పంపితే మన ఎండకు మధ్యాహ్నానికి పులిసిపోతుంది, అందుకే పొడి విడిగా పొట్లం కట్టివ్వండి, అక్కడే కలుపుకుంటాడు. మొదటి వారం ఒక్క చెంచాతోనే మొదలుపెట్టండి, లేకపోతే గ్యాస్ అని మీ మీదే అరుస్తాడు.

ఇక వడదెబ్బ తగలదన్నది వట్టి మాట. ఒళ్లు చల్లబడేది చెమటతో, దానికి కావాల్సింది నీళ్లూ ఉప్పూ. శనగ చేసేది ఆకలి ఆపడం, 30 గ్రాముల పొడికి ఆరు గ్రాముల దాకా ప్రొటీన్ ఇవ్వడం, అంతే. అదీ తక్కువేం కాదు, షుగర్ లెక్కన చూస్తే నన్నారి షర్బత్ కంటే ఎంతో నయం. కానీ సత్తు తాగానుగా అని నీళ్లు తగ్గించకూడదు. ఎండలో ఒళ్లు కాలిపోతూ మాట తడబడితే నీడకు చేర్చి, ఒంటిమీద నీళ్లు పోసి 108కి ఫోన్ చేయాలి, స్పృహ సరిగా లేకపోతే నోట్లో ఏమీ పోయకూడదు.

ఆరేళ్ల షుగర్ అన్నారు, కిడ్నీ పరీక్ష గురించి ఏమీ రాయలేదు. ఏడాదిలోపు క్రియాటినిన్, యూరిన్ అల్బుమిన్ చూపించకపోయుంటే ఈ వారమే చేయించండి. కిడ్నీ దెబ్బతిన్నోళ్లకు శనగలోని పొటాషియం, ప్రొటీన్ లెక్క చూసి ఇవ్వాలి. రిపోర్టు మీ డాక్టర్‌కు చూపించేదాకా రోజుకు ఒక్క గ్లాసే.