బండి బాగోలేదు అంటే చాలదురా

ఒరే అల్లుడూ,

నిన్న రాత్రి నీ బస్సు గేమ్ గ్రూపు గురించి "గ్రూపు మూసేస్తాను మావయ్యా, నా వల్ల కాదు" అన్నావు. ఫోన్లో నాకు మాటలు తిన్నగా రావు, అందుకే రాస్తున్నాను. "రిటైరయ్యాక కూడా ఫోన్లో బస్సు తోలుకోడం చాలక ఇప్పుడు ఉత్తరాలు కూడానా" అంటోంది మీ అత్త. అననీ.

జరిగింది నేనూ చూశాను. బస్ సిమ్యులేటర్ ఇండొనేషియా అనే ఫోను గేములో బండికి మన రంగులు మనమే వేసుకోవచ్చు కాబట్టి ఆ శ్రీకాకుళం కుర్రాడు మన భీమిలి సిటీ బస్సు 900కె ని అచ్చు దింపేశాడు. స్కిన్ అంటే ఆ రంగుల బొమ్మే, బండి మొత్తం అందులో ఒకే బొమ్మగా పరిచి ఉంటుంది కదా, ఎడమ పక్క గీసిన గీత ముందు అద్దం కింద గీతతో కలవాలంటే ఎన్నిసార్లు చెరిపాడో! ఇంటర్ పరీక్షలు పెట్టుకుని, పైసా తీసుకోకుండా చేశాడు. దాని కిందేమో "ఇంద్ర ఏసీ బస్సు ఎప్పుడు?", "వారమైంది, నిద్రపోతున్నావా?", "ఇదీ ఒక స్కిన్నేనా?" అన్నవాళ్లంతా దించుకుని ఆడుతున్నవాళ్లే.

నా తప్పు కూడా చెప్పాలి. వాడి మొదటి పల్లెవెలుగు కింద "బస్సు ఎప్పుడైనా చూశావా? బోర్డు తప్పు" అని రాసింది నేనే. ముప్ఫయ్యేళ్లు స్టీరింగ్ పట్టానన్న పొగరు. పదిహేను రోజులు పిల్లాడు పత్తా లేడు. తర్వాత విడిగా మెసేజ్ పెట్టి, కాంప్లెక్సుకెళ్లి బోర్డు ఫోటో తీసి పంపాను. గంటలో సరిచేసి "థాంక్స్ తాతయ్యా" అన్నాడు. తాతయ్య అన్నందుకు కాస్త గుచ్చుకుందిలే.

డ్యూటీ దిగాక డిపోలో బండి లోపాలు రాసివ్వాలి. కొత్తలో నేను "బ్రేకు బాగోలేదు" అని రాస్తే మెకానిక్కు ఆ కాగితం నా చేతిలోనే పెట్టి "ఎక్కడ? ఎప్పుడు? ఎటు లాగుతోంది?" అన్నాడు. మర్నాడు "హనుమంతవాక దిగుడులో తొక్కితే ఎడమకి లాగుతోంది" అని రాశాను. తెల్లారేసరికి బాగుచేసి పెట్టాడు. నీ గ్రూపులో ఇదే పద్ధతి పెట్టు. లోపం చెప్పేవాడు ఫోను మోడలు, గేమ్ వెర్షను, ఒక స్క్రీన్‌షాటు పెట్టాలి. పెట్టకపోతే మెసేజ్ తీసెయ్, వాదించకు. తిట్టిపోదామని వచ్చినవాడికి స్క్రీన్‌షాటు తీసే ఓపిక ఉండదు, చూస్తూండు.

అలాగని అందరి నోరూ నొక్కకు. డబ్బు పెట్టి కొన్నవాడికి అడిగే హక్కుంది. 2020లో సైబర్‌పంక్ అనే వీడియో గేముని వాయిదా వేస్తే తయారుచేసినవాళ్లని చంపుతామని బెదిరించారని నువ్వే చెప్పావు. అది రౌడీతనం. అదే ఆట డిసెంబరులో లోపాలతో వచ్చినప్పుడు జనం డబ్బు వెనక్కి అడిగారు, సోనీ తన స్టోరులోంచి దాన్ని తీసేసింది కూడా. అది న్యాయం. స్టీమ్ అనే కంప్యూటర్ గేముల స్టోరులో కొన్న ఆట నచ్చకపోతే 14 రోజుల్లోపు, రెండు గంటలకు మించి ఆడకుండా ఉంటే డబ్బు వాపసు అడగొచ్చు కదా, ఆ దారి చూపించు. టిక్కెట్టు కొన్నవాడు బస్సేదని అడుగుతాడు, సరే. దారిలో లిఫ్ట్ ఎక్కినవాడు ఏసీ వెయ్యమంటే?

ఇంకోటి. నేను లెక్కపెట్టాను, మూడొందలమందిలో గోల చేసేది ఆరుగురే. వాళ్లలో ఒకడు రాత్రి పన్నెండు దాటాకే రాస్తాడు, షిఫ్టు డ్యూటీ మనిషి. పగలు పలకరిస్తే బంగారం. రాత్రి పదకొండు నుంచి పొద్దున్న ఆరుదాకా అడ్మిన్లు తప్ప ఎవరూ రాయకుండా సెట్టింగు మార్చు. మిగతావాళ్లకి విడిగా ఒకసారి చెప్పు, రెండోసారి తీసెయ్. తీసేశానని గ్రూపులో చాటింపు వెయ్యకు. ఆ చాటింపు కిందే కొత్త గొడవ మొదలవుతుంది.

ఆ కుర్రాడికి మాత్రం నువ్వే ఫోన్ చెయ్యి. అందరి తరఫునా సారీ అంటూ పెద్ద పోస్టు పెట్టకు, పిల్లాడు ఇంకా సిగ్గుపడతాడు. పరీక్షలెలా ఉన్నాయో అడుగు. ఆదివారం ఇంటికి రా, మీ అత్త వంజరం పులుసు పెడతానంది. నా బీరువాలో వాల్తేరు డిపో పాత ఫోటోలున్నాయి, స్కాన్ చేసి వాడికి పంపుదాం. ఇంద్ర మాట ఎత్తకు.

ఆశీస్సులతో,
మావయ్య