కబడ్డీ వదిలి బౌల్స్‌కి వస్తున్న మేనకోడలికి

చిట్టికి మావయ్య ఆశీస్సులు.

మోకాలి దెబ్బతో కబడ్డీ మానేసి లాన్ బౌల్స్‌కి వస్తానంటున్నావని అక్క ఫోన్‌లో చెప్పింది. రా. "ముసలాళ్ళ ఆట" అని మీ నాన్న నవ్వాడట, నవ్వనీ. పచ్చిక మీద బౌల్ అనే పెద్ద బంతిని దొర్లించి, జాక్ అనే చిన్న బంతికి వీలైనంత దగ్గరగా ఆపడమే ఈ ఆట. 2022లో బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ క్రీడల్లో ఫోర్స్ (నలుగురు ఆడే పోటీ) స్వర్ణం తెచ్చిన మన జట్టులో రూపారాణి తిర్కీ కూడా ఒకప్పుడు కబడ్డీయే ఆడేది. నయన్‌మోని సైకియాది వెయిట్‌లిఫ్టింగ్, లవ్లీ చౌబేది పరుగు.

ఒకటి మాత్రం ముందే చెబుతున్నా. ఈ ఆట కూడు పెట్టదు. ఒలింపిక్స్‌లో లేదు, వేలంపాటల లీగులూ లేవు. ఆ స్వర్ణం గెలిచేనాటికి లవ్లీ పోలీసు కానిస్టేబుల్, అదే జట్టులోని పింకీ ఢిల్లీలో స్కూల్ పీఈటీ. కాబట్టి ఆ రైల్వే పరీక్షకి చదవడం మానకు. ఉద్యోగం చేతిలో ఉంటే ఇక్కడ తొందరేమీ లేదు. ఇంగ్లండ్ ఆటగాడు డేవిడ్ బ్రయంట్ 1966లో సింగిల్స్ ప్రపంచ ఛాంపియన్, మళ్ళీ 1988లోనూ ఆయనే! ఇంకే ఆటలో కుదురుతుంది చెప్పు?

జంషెడ్‌పూర్ నుంచి రాంచీ బస్సులో వచ్చిపోవచ్చు, అది నీ అదృష్టం. గ్రీన్, అంటే ఆడే పచ్చిక మైదానం కోసం ఊళ్ళు మారేవాళ్ళున్నారు. బౌల్ కొనకు, ముందు అరువు తీసుకో. రెండు బొటనవేళ్ళూ, రెండు మధ్యవేళ్ళూ దాని చుట్టూ పట్టి చూడు. కొసలు ఆనుకుంటే దాదాపు అదే నీ సైజు. చిన్న గుర్తున్న వైపుకే అది దొర్లుతూ వంగుతుంది. గుర్తు తిరగేసి వేస్తే పక్క రింక్‌లోకి, అంటే పక్కవాళ్ళు ఆడే పట్టీలోకి పోతుంది, అందరూ నవ్వుతారు. ఒకసారి నవ్వితే చాలు, జన్మలో మర్చిపోవు.

కొత్తవాళ్ళకి బలంగా డ్రైవ్ కొట్టి హెడ్‌ని, అంటే జాక్ చుట్టూ చేరిన బౌల్స్ గుంపుని చెదరగొట్టడం సరదా. నువ్వు మాత్రం మొదటి ఏడాదంతా డ్రా చేయడమే, అంటే బౌల్‌ని జాక్ పక్కకి మెల్లగా చేర్చడమే సాధన చెయ్యి. విసుగొస్తుంది, రానీ.

విదేశాల్లో మనవాళ్ళని ఇబ్బంది పెట్టేది ప్రత్యర్థి కంటే గ్రీన్. చెయ్యి వదిలిన బౌల్ సుమారు 27 మీటర్ల అవతల ఆగడానికి పట్టే సెకన్లతో గ్రీన్ వేగం చెబుతారు. న్యూజిలాండ్‌లో 15 దాటడం మామూలే, ఇంగ్లండ్ పచ్చికలో పదీ పదకొండూ. సెకన్లు ఎక్కువైతే ఫాస్ట్ గ్రీన్ అన్నమాట, తిరకాసుగా ఉంటుంది కదూ! అక్కడ మెల్లగా వదిలినా చేరుతుంది. అలా మెల్లగా పోయే బౌల్‌కి వంగే వ్యవధి దొరుకుతుంది, కాబట్టి బాగా వెడల్పుగా వెయ్యాలి. స్లో గ్రీన్ మీద బలంగా తోయాలి, వంపు తక్కువ. చేతికి ఒకటి అలవాటైపోతే రెండోది వచ్చేసరికి టోర్నమెంట్ అయిపోతుంది. అందుకే ఎక్కడికెళ్ళినా ప్రాక్టీస్ ఎండ్లలో (ఎండ్ అంటే అందరూ బౌల్స్ వేసే ఒక విడత) గెలుపు గురించి ఆలోచించకు. జాక్‌ని దగ్గరగా ఒకసారి, దూరంగా ఒకసారి వేసి చూసుకో.

జట్టులో మొదట నిన్ను లీడ్‌గా, అంటే అందరికంటే ముందు బౌల్ వేసేదానిగా పెడతారు. మొహం మాడ్చుకోకు. నిలబడి వేసే మ్యాట్ పరిచేదీ, జాక్ దొర్లించేదీ లీడే. అవతలివాళ్ళకి నచ్చని దూరానికి జాక్ వెయ్యడం పెద్ద విద్య. బర్మింగ్‌హామ్ సెమీస్‌లో న్యూజిలాండ్ మీద 0-5తో వెనకబడి, 16-13తో గెలిచినప్పుడు మన లీడ్ లవ్లీయే.

మడమ లేని, అడుగు చదునుగా ఉన్న బూట్లు తెచ్చుకో, స్పైక్స్‌తో వస్తే గ్రీన్ ఎక్కనివ్వరు. మోకాలి రిపోర్టు కూడా తీసుకురా. వంగి వదిలే పద్ధతి నీకు పడుతుందో లేదో డాక్టర్‌ని అడిగాకే మొదలుపెడదాం. మీ నాన్నతో నేను మాట్లాడతాలే.

మీ మావయ్య