డాక్టర్ సలహా: ఆమె పోయి రెండేళ్లు దాటింది.. ఈ బాధ ఎప్పటికి తగ్గుతుంది?

ప్రశ్న: నా వయసు 61. నా భార్య క్యాన్సర్‌తో చనిపోయి రెండేళ్ల నాలుగు నెలలైంది. ఆమె గుర్తు రాని రోజు లేదు. సాయంత్రమైతే మరీ కష్టంగా ఉంటుంది. దుఃఖానికి ఐదు దశలుంటాయనీ, నేను మొదటి దశలోనే ఆగిపోయాననీ నాతో ఉంటున్న మా అమ్మాయి అంటోంది. బంధువులు ‘ఇంకా ఎన్నాళ్లు?’ అంటున్నారు. నిద్ర పట్టక, నా భార్యకు చివరి రోజుల్లో ఇచ్చిన ఆల్ప్రాజోలామ్ మాత్రలు మిగిలితే సగం చొప్పున వేసుకోవడం మొదలుపెట్టాను. అవి అయిపోయాక పాత చీటీతోనే తెచ్చుకుంటున్నాను. ఇప్పుడు రెండు వేసుకుంటే గాని నిద్ర రావడం లేదు. అప్పుడప్పుడు ఛాతీ బరువుగా ఉంటుంది, దిగులు వల్లే అనుకుంటున్నాను. ఏడు కిలోలు తగ్గాను. నా బీపీ మాత్రలు ఆమే రోజుల వారీగా డబ్బాలో సర్ది పెట్టేది. ఇప్పుడు గుర్తుంటే వేసుకుంటున్నాను. ఒక్కోసారి నేనూ ఆమె దగ్గరికి వెళ్లిపోతే బాగుండుననిపిస్తుంది. నాకొచ్చింది జబ్బా? ఈ బాధ ఎప్పటికి తగ్గుతుంది? – ఒక పాఠకుడు

జవాబు: మీరు అడిగినదానికి తప్పకుండా వస్తాను. కానీ మధ్యలో చెప్పీ చెప్పనట్లు రాసిన నాలుగు విషయాలు నన్ను ఎక్కువ కలవరపెట్టాయి. ఓపీ నడుస్తుండగా రాస్తున్నాను కాబట్టి సూటిగా చెబుతాను.

మొదటిది, ఆమె దగ్గరికి వెళ్లిపోతే బాగుండునన్న మాట. జీవిత భాగస్వామిని పోగొట్టుకున్నవారిలో చాలామందికి ఈ ఆలోచన వస్తుంది. తరచుగా అది పోయిన మనిషి కోసం తపనే తప్ప చావాలన్న కోరిక కాదు. అయితే ఆ తేడా ఉత్తరం చదివి తేల్చగలిగేది కాదు. అందుకే నేరుగా అడుగుతున్నాను. ప్రాణం తీసుకోవాలన్న ఆలోచన వస్తోందా? ఎలా, ఎప్పుడు అని మనసులో అనుకున్నారా? అవునంటే ఈ జవాబు మిగతాది తర్వాత చదువుకోవచ్చు. ఇప్పుడే అమ్మాయికి చెప్పి, ఆమెను వెంటబెట్టుకుని దగ్గర్లోని ఆసుపత్రి అత్యవసర విభాగానికి వెళ్లండి. కాదనుకున్నా, ఈ మాట అమ్మాయికీ డాక్టర్‌కూ చెప్పి తీరాలి. ఇలా అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమోనని ఇంట్లోవాళ్లు వెనకాడుతుంటారు. అలా జరగదు. ఎవరైనా అడగాలని ఎదురుచూస్తున్నవారే ఎక్కువ. ఇంట్లో ఉన్న మాత్రలన్నీ ఈ రోజే అమ్మాయి చేతికి ఇచ్చేయండి. ఏ పూటవి ఆ పూట ఆమె ఇస్తుంది.

రెండోది ఆ మాత్రల సంగతే. ఇక్కడ కాస్త మందలింపుగా చెబుతాను, ఏమీ అనుకోకండి. ఆల్ప్రాజోలామ్ మీ భార్య పరిస్థితిని చూసి, ఆమెకు రాసిన మందు. చీటీ మీదున్న పేరు ఆమెది. ఆ చీటీ రాసిన డాక్టర్ మిమ్మల్ని పరీక్షించలేదు, మీ బీపీ సంగతి, మీ గుండె సంగతి ఆయనకు తెలియదు. ఆందోళన తగ్గించి మత్తు కలిగించే ఈ కోవ మందులను సాధారణంగా రెండు నుంచి నాలుగు వారాలకు మించి వాడనివ్వం. రోజూ వేసుకుంటే శరీరం అలవాటు పడిపోతుంది, పాత మోతాదు పనిచేయడం మానేస్తుంది. సగం మాత్ర కాస్తా రెండు మాత్రలయిందంటే మీ దుఃఖం నాలుగింతలైందని కాదు, మందుకు ఒళ్లు అలవాటు పడిందని. తెల్లవారుజామున మందు ప్రభావం దిగేసరికి మెలకువ వస్తుంది, గుండె దడదడలాడుతుంది, చెమట పడుతుంది, ఏదో తెలియని భయం కమ్ముకుంటుంది. అది మందు తగ్గడం వల్ల వచ్చినదని తెలియక, దిగులు పెరిగిందనుకుని ఇంకో మాత్ర వేసుకునేవారిని చాలామందిని చూశాను. అరవై దాటినవారు వీటి మత్తులో రాత్రివేళ బాత్రూంకు లేచి పడిపోయి తుంటి ఎముక విరగ్గొట్టుకోవడం అరుదేమీ కాదు. జ్ఞాపకశక్తి మందగించడం, తికమక కూడా ఉంటాయి. మద్యంతో గాని, ట్రమడాల్, మార్ఫిన్ వంటి నొప్పి మందులతో గాని కలిస్తే ఊపిరి మందగించి ప్రాణం మీదికి వస్తుంది. క్యాన్సర్ రోగి ఉన్న ఇంట్లో అలాంటి మందులు మిగిలి ఉండొచ్చు. అమ్మాయితో ఒకసారి అలమర వెతికించి, ఉంటే ఆసుపత్రి ఫార్మసీలో అప్పగించండి.

ఇది చదివి ఈ రాత్రి నుంచే ఆల్ప్రాజోలామ్ మానేయకండి. ఇంతకాలం వాడిన మందును ఒక్కసారిగా ఆపితే వణుకు, తీవ్రమైన ఆందోళన మొదలుకొని ఫిట్స్ దాకా రావచ్చు. దాన్ని డాక్టర్ పర్యవేక్షణలో కొద్దికొద్దిగా తగ్గించాలి. అందుకు వారాలు పడుతుంది, కొందరికి నెలలు కూడా. ఇన్నాళ్లు వేసుకున్నా ఇది మీ దుఃఖాన్ని తగ్గించలేదు. తగ్గించే మందూ కాదు.

మూడోది ఛాతీ బరువు. ‘దిగులు వల్లే అనుకుంటున్నాను’ అని రాశారు. ఆప్తులను పోగొట్టుకున్నవారు మా దగ్గరికి ఆలస్యంగా రావడానికి చాలాసార్లు ఈ మాటే కారణం. ఆకలి లేకపోతే దిగులు, ఆయాసం వస్తే దిగులు, నీరసం వస్తే దిగులు. ఒంట్లో వచ్చిన ప్రతి మార్పునూ దిగులు ఖాతాలో వేసుకుంటూ పోతే అసలు జబ్బు లోపల పెరిగిపోతుంది. భార్యను కోల్పోయిన, 55 ఏళ్లు, ఆ పైబడిన 4,486 మంది పురుషుల వివరాలతో బ్రిటన్‌లో 1969లో ఒక అధ్యయనం వెలువడింది. మొదటి ఆరు నెలల్లో వారిలో మరణాలు, అదే వయసులో భార్య ఉన్నవారితో పోలిస్తే 40 శాతం ఎక్కువగా కనిపించాయి. అందులో ఎక్కువ భాగం గుండె జబ్బులవే. ఆ ఆరు నెలలూ మీకు దాటిపోయాయి, నిజమే. కానీ బీపీ ఉండి, మాత్రలు సరిగా వేసుకోని 61 ఏళ్ల మనిషి ఛాతీ బరువును ఈసీజీ తీయకుండా దిగులని నేను అనలేను, మీరూ అనుకోకూడదు. తీవ్రమైన మానసిక ఆఘాతం తర్వాత గుండె కండరం తాత్కాలికంగా బలహీనపడే టకోట్సుబో అనే సమస్య ఉంది. అది కూడా అచ్చం గుండెపోటులాగే కనిపిస్తుంది, పరీక్షలు చేస్తే తప్ప తేడా తెలియదు. ఈ వారంలోనే ఫిజీషియన్‌కు గాని కార్డియాలజిస్టుకు గాని చూపించుకోండి. బరువు పది నిమిషాలకు మించి ఉన్నా, చెయ్యి లేదా దవడలోకి పాకినా, చెమటలు పట్టినా వెంటనే అత్యవసర విభాగానికి వెళ్లాలి.

నాలుగోది ఏడు కిలోలు. తిండి తగ్గడం వల్ల కావచ్చు, కాకపోవచ్చు. షుగర్, థైరాయిడ్, రక్తహీనత పరీక్షలు, ఛాతీ ఎక్స్‌రే చేయించాలి. మిగతావి మీ డాక్టర్ నిర్ణయిస్తారు. బీపీ మాత్రల డబ్బా ఇకపై మీరే నింపండి, వారానికోసారి, అమ్మాయి పక్కన కూర్చోగా. నింపాక డబ్బా ఆమె దగ్గరే ఉంచండి. ఆ పని చేసేటప్పుడు కన్నీళ్లు వస్తాయి. వచ్చినా సరే, నింపండి.

ఇక మీ ప్రశ్న. ఆమె గుర్తు రాని రోజు లేకపోవడం జబ్బు కాదు. ‘ఇంకా ఎన్నాళ్లు’ అని అడిగేవారికి చెప్పడానికి మా దగ్గర తేదీ ఏదీ లేదు, ఎందుకంటే దుఃఖం పూర్తిగా పోయే గడువు ఏ వైద్యశాస్త్రమూ పెట్టలేదు. చాలామందిలో దాని పదును తగ్గుతుంది, అది వచ్చి వెళ్లే మధ్య వ్యవధి పెరుగుతుంది. పెళ్లిరోజునో, ఆమె పుట్టినరోజునో మళ్లీ మొదటి రోజంత బలంగా రావచ్చు. నా దగ్గరికి ఏళ్ల తరబడి వస్తున్న ఒకావిడ ఉన్నారు. చేతికి బీపీ పట్టీ కట్టి ఉండగా పోయిన కొడుకు ప్రస్తావన వస్తే రీడింగ్ పైకి పోతుంది. కాసేపాగి మళ్లీ చూస్తాను. ఈలోగా ఆమె కళ్లు తుడుచుకుని మనవరాలి చదువు గురించి చెప్పడం మొదలుపెడతారు. ఆమె దుఃఖం అలాగే ఉంది, ఆమె బతుకూ నడుస్తోంది. దానికి నేను మందు రాయను.

ఐదు దశల సంగతి అమ్మాయికి ఇలా చెప్పండి. నిరాకరణ, కోపం, బేరసారాలు, కుంగుబాటు, అంగీకారం అంటూ సైకియాట్రిస్టు ఎలిజబెత్ కూబ్లర్-రాస్ 1969లో వాటిని వివరించింది మృత్యువుకు చేరువైన రోగులను చూసి, ఆప్తులను పోగొట్టుకుని మిగిలినవారిని చూసి కాదు. వరుసగా ఎక్కి చివరి మెట్టు చేరాలన్న నియమమేమీ లేదు, ఒకచోట ఆగిపోవడమూ లేదు. ఒక పూట దుఃఖంలో మునగడం, ఇంకో పూట పనుల్లో పడటం, మళ్లీ అటు వెళ్లడం, ఇది మామూలుగా జరిగేదే.

అయితే దుఃఖం జబ్బుగా మారే సందర్భాలూ ఉన్నాయి. 2022 నుంచి అమల్లో ఉన్న ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల వర్గీకరణ ప్రకారం ఆప్తులు పోయి కనీసం 6 నెలలు, అదే ఏడాది అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ చేర్చిన ప్రమాణాల ప్రకారం పెద్దవారిలో కనీసం 12 నెలలు దాటాలి. కాలం ఒక్కటే చాలదు. దాదాపు రోజంతా అదే తపన ఉండాలి. ఆ మనిషి లేరన్నది నమ్మలేకపోవడం, తనలో కొంత భాగం చచ్చిపోయినట్లుండటం, గుర్తుచేసే వస్తువులకు, చోట్లకు దూరంగా పారిపోవడం, బతుక్కి అర్థం లేదనిపించడం వంటివి తోడవ్వాలి. వీటివల్ల రోజువారీ జీవితం స్తంభించాలి. మీరు ఇందులో ఉన్నారో లేదో నేను ఇక్కడి నుంచి చెప్పను. మాత్రల మత్తులో గడుస్తున్న రాత్రులు, చూపించుకోని ఒంటి బాధలు పక్కకు జరిగితే గాని మిగిలింది ఎంత అన్నది తెలియదు. డిప్రెషన్ కూడా కలిసి ఉండవచ్చు. ఆమె జ్ఞాపకం తలచుకున్నప్పుడైనా ముఖంలోకి నవ్వు రాకపోతే, ‘నేను ఎందుకూ పనికిరాను’ అనిపిస్తుంటే, సైకియాట్రిస్టుకు అది తప్పక చెప్పండి. డిప్రెషన్ ఉంటే దానికి మందులు పనిచేస్తాయి. ఆమె కోసం పడే తపనకు మాత్రం దుఃఖంపైనే దృష్టి పెట్టి చేసే ప్రత్యేక మానసిక చికిత్స ఉంది. కొన్ని నెలల పాటు, వారానికోసారి కూర్చుని మాట్లాడే పద్ధతి అది. ఆమెను మరిచిపోమని అందులో ఎవరూ చెప్పరు.

ఇదంతా మిమ్మల్ని పరీక్షించకుండా చెబుతున్న సలహా. మీ డాక్టర్ చూసి వేరేగా చెబితే ఆ మాటే పాటించండి. వెళ్లేటప్పుడు అమ్మాయిని తీసుకెళ్లండి. ఆల్ప్రాజోలామ్ స్ట్రిప్పు, ఆ పాత చీటీ, మీ బీపీ మందుల చీటీ వెంట పెట్టుకోండి. రోజుకు ఎన్ని మాత్రలు వేసుకుంటున్నారో ఉన్నదున్నట్లు చెప్పండి. మొహమాటపడి తక్కువ చెబితే మోతాదు తగ్గించే లెక్క మొదటి రోజే తప్పుతుంది.