పికప్ ఏసీలో వేడిగాలి వస్తుంటే: గ్యాస్ డబ్బా కొనే ముందు

నల్గొండ, మహబూబ్‌నగర్ జిల్లాల నుంచి కొత్తగా టెక్సాస్ వచ్చిన మన పిల్లలు మొదటి వేసవిలోనే అడిగే ప్రశ్న ఒకటుంది. పాత పికప్ ట్రక్కు కొన్నామని, ఏసీ వేస్తే వేడిగాలి కొడుతోందని, గ్యాస్ ఎక్కడ పట్టించాలో చెప్పమని అడుగుతారు. దేవరకొండ వైపు నుంచి వచ్చిన ఒక తమ్ముడు ఈ మధ్య ఇదే అడిగాడు. ఊళ్లో బత్తాయిలు మోసే వాళ్ల బొలేరోకు ఏటా ఎండలు ముదరగానే గ్యాస్ పట్టించడం అలవాటట. ఇక్కడ కూడా ఆటో పార్ట్స్ దుకాణంలో ఒక డబ్బా కొని ఎక్కిస్తే సరిపోతుందా అన్నది అతని సందేహం. సరిపోదనే నా అభిప్రాయం.

ఏసీ గ్యాస్ పెట్రోలులాగా ఖర్చయిపోయేది కాదు. గ్యాస్‌ను ఒత్తిపెట్టే కంప్రెసర్ నుంచి, వేడిని బయటికి వదిలే కండెన్సర్‌కు, అక్కడి నుంచి డ్యాష్‌బోర్డు వెనుక గాలిని చల్లబరిచే ఎవాపరేటర్‌కు, మళ్లీ కంప్రెసర్‌కు అదే గ్యాస్ మూసిన గొట్టాల్లో తిరుగుతూ ఉంటుంది. ఏళ్లు గడిచేకొద్దీ రబ్బరు గొట్టాల గుండా కొద్దికొద్దిగా తగ్గడం మామూలే గానీ, నిరుడు నింపిన గ్యాస్ ఈ ఏడాదికి లేదంటే ఎక్కడో లీకు ఉన్నట్టే. లీకు సంగతి చూడకుండా ఏటా నింపించుకోవడం ఊళ్లోనైనా, ఇక్కడైనా డబ్బు దండగ.

అసలు లోపం గ్యాస్‌దేనా అన్నది ముందుగా తేల్చుకోవాలి. ట్రక్కు హైవే మీద పోతున్నప్పుడు చల్లగా ఉండి, సిగ్నల్ దగ్గర ఆగగానే గాలి వేడెక్కుతోందంటే రేడియేటర్ ముందున్న కండెన్సర్‌కు సరిగా గాలి తగలడం లేదని అనుమానించాలి. ఫ్యాన్ తిరుగుతోందో లేదో చూసి, కండెన్సర్ రేకుల్లో ఇరుక్కున్న పురుగులను, దుమ్మును తక్కువ ఒత్తిడి నీళ్లతో కడిగితే కొన్నిసార్లు అంతటితోనే సమస్య తీరిపోతుంది. గాలి చల్లగానే ఉండి బలంగా రాకపోతే, లోపలికి వచ్చే గాలిని వడకట్టే క్యాబిన్ ఫిల్టర్ మార్చి చూడండి. డ్యాష్‌బోర్డు వెనుక టిక్కుటిక్కుమని చప్పుడు వస్తూ ఒకవైపు చల్లగాలి, మరోవైపు వేడిగాలి వస్తుంటే, చల్లగాలినీ వేడిగాలినీ కలిపే తలుపును తిప్పే చిన్న మోటారు పాడై ఉండవచ్చు. కంప్రెసర్‌ను ఇంజన్‌తో కలిపే క్లచ్ అసలు పట్టుకోకపోతే ఫ్యూజు, రిలే చూడాలి. క్షణానికోసారి పట్టి వదులుతుంటే మాత్రం గ్యాస్ తగ్గిందనడానికి అది బలమైన సూచన.

ఇక గ్యాస్ విషయానికి వస్తే, బానెట్ కింద అంటించిన లేబుల్ చదవకుండా ఏ డబ్బా కొనవద్దు. ఏ రకం గ్యాస్, ఎంత బరువు పట్టాలి అన్నది దాని మీదే ఉంటుంది. అమెరికాలో 2021 మోడల్ నాటికి కొత్త కార్లు, చిన్న ట్రక్కులు ఆర్-134ఏ అనే పాత గ్యాస్‌ను చాలావరకు వదిలేశాయి. వాటిలో ఎక్కువగా ఆర్-1234వైఎఫ్ అనే కొత్త గ్యాస్ ఉంటుంది. అంతకుముందే మారిన మోడళ్లు కూడా అనేకం ఉన్నందున, తయారైన సంవత్సరాన్ని బట్టి ఊహించడం సరికాదు. కొత్త గ్యాస్ ధర పాతదానికంటే ఎన్నో రెట్లు ఎక్కువ కాబట్టి, అడాప్టర్ పెట్టి పాత గ్యాస్ ఎక్కించమని సలహా ఇచ్చేవారు దొరుకుతారు. అలా కలిపిన గ్యాస్‌ను ఏ మంచి వర్క్‌షాపూ గ్యాస్ లాగే తన యంత్రంలోకి తీసుకోదు.

డబ్బాతో వచ్చే చిన్న గేజీని నమ్మవద్దని కూడా గట్టిగా చెబుతున్నాను. బయట 90 డిగ్రీల ఫారన్‌హీట్ వేడి ఉండి ఇంజన్ ఆపి ఉన్నప్పుడు, ఆర్-134ఏ ఉన్న వ్యవస్థలో ఒత్తిడి సుమారు 104 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు) చూపిస్తుంది. లోపల ద్రవరూపంలో కొంచెం గ్యాస్ ఉన్నా, నిండా ఉన్నా అంకె అదే. ఇంజన్ నడుస్తున్నప్పుడు కూడా ఆ గేజీ తక్కువ ఒత్తిడి వైపు (కంప్రెసర్‌లోకి గ్యాస్ వచ్చే గొట్టం) మాత్రమే చూపుతుంది గనుక, ఎంత తగ్గిందో దానితో తేల్చలేము. ఎక్కువ పట్టిస్తే చల్లదనం తగ్గడమే కాక కంప్రెసర్ కూడా దెబ్బతింటుంది. పొరపాటున కూడా డబ్బాను ఎక్కువ ఒత్తిడి వైపు (కంప్రెసర్ నుంచి గ్యాస్ బయటికి పోయే గొట్టం) తగిలించకండి, అది పేలిపోయే ప్రమాదం ఉంది. లీకు మూసే మందు కలిపిన డబ్బాలు అసలే వద్దు. ఆ మందు వర్క్‌షాపు యంత్రాలను పాడు చేస్తుంది కాబట్టి, అది వాడిన బండిని ముట్టుకోవడానికి చాలామంది మెకానిక్కులు ఒప్పుకోరు.

సొంత బండికి గ్యాస్ సొంతంగా ఎక్కించుకోవడం ఇక్కడ నేరం కాదు. రెండు పౌండ్లు మించని, తనంతట తానే మూసుకునే వాల్వు ఉన్న డబ్బాలను సర్టిఫికెట్ లేనివారికి కూడా అమ్ముతారు. కానీ డబ్బు తీసుకుని ఇతరుల బండ్ల ఏసీ బాగుచేయాలంటే ఫెడరల్ క్లీన్ ఎయిర్ చట్టం కింద సెక్షన్ 609 సర్టిఫికెట్ తప్పనిసరి, గ్యాస్‌ను కావాలని గాలిలోకి వదలడం ఫెడరల్ చట్టానికి విరుద్ధం. అపార్ట్‌మెంట్ పార్కింగులో తక్కువకు చేసిపెడతామనే పరిచయస్తుల దగ్గరికి వెళ్లేటప్పుడు ఈ సంగతి గుర్తుంచుకోండి.

బండి మరీ పాతది కాకపోతే ముందు వారంటీ చూసుకోండి. చాలా అమెరికన్ పికప్‌లకు మూడేళ్లు లేదా 36,000 మైళ్ల వరకు పూర్తి వారంటీ ఉంటుంది. వర్క్‌షాపుకు వెళ్తే "గ్యాస్ పట్టండి" అనకుండా "లీకు ఎక్కడుందో చూడండి" అని అడగాలి. మెరిసే రంగు కలిపి అల్ట్రావయొలెట్ లైటుతో గానీ, లీకును పసిగట్టే పరికరంతో గానీ వారు వెతుకుతారు. రాయి తగిలిన కండెన్సర్, అరిగిన రబ్బరు రింగులు, కంప్రెసర్ సీలు తరచుగా కారే చోట్లు. ఎవాపరేటర్ కారుతుంటే డ్యాష్‌బోర్డు విప్పాల్సి రావచ్చు, అప్పుడు కూలి ఖర్చు బాగా పెరుగుతుంది. లీకు బాగుచేశాక వాక్యూమ్ పెట్టి గాలినీ తేమనూ లాగేసి, లేబుల్ మీదున్న బరువు ప్రకారం తూచి గ్యాస్ నింపాలి. నింపిన బరువును రసీదులో రాయించుకోండి.

నల్గొండలో 44, 45 డిగ్రీల సెల్సియస్ చూసినవాళ్లం, ఈ ఎండ ఏపాటిదని కొందరు ఏసీ లేకుండానే నడుపుతుంటారు. చిన్నపిల్లలనో, ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నలనో ఎక్కించుకుని గంటల తరబడి ప్రయాణించేవారు దయచేసి ఆ పని చేయవద్దు.

రిపేరు అయ్యాక అద్దాలు మూసి, గాలి లోపలే తిరిగేలా పెట్టి, హైవే మీద కొంతసేపు నడిపి డ్యాష్‌బోర్డు మధ్యలో గాలి వచ్చే వెంటులో చిన్న థర్మామీటరు ఉంచండి. 40 నుంచి 50 డిగ్రీల ఫారన్‌హీట్ మధ్య చూపితే పని బాగా జరిగినట్టే. హ్యూస్టన్ వంటి తేమ ఎక్కువగా ఉండే చోట కాస్త ఎక్కువ ఉన్నా కంగారు పడనక్కర్లేదు. కొన్ని వారాల తర్వాత అలాంటి ఎండలోనే మళ్లీ చూసినప్పుడు అంకె బాగా పెరిగి ఉంటే, లీకు ఇంకా మిగిలి ఉండవచ్చు. అప్పుడు ఆ రసీదు పట్టుకుని అదే వర్క్‌షాపుకు వెళ్లండి.