పారదర్శక యాంటీబాక్టీరియల్ సబ్బు చల్లారాక ఎందుకు తెల్లబడుతుంది? అందులో క్రిములను చంపే ఏ మందు కలపాలి?

పోసేటప్పుడు అద్దంలా ఉండి, గట్టిపడ్డాక మసకబారిందంటే లోపలి సబ్బు స్ఫటికాలు పెద్దవై కాంతిని చెదరగొడుతున్నాయన్నమాట. వాటిని పెరగనివ్వనివి గ్లిజరిన్, చక్కెర ద్రావణం, ఆల్కహాల్. స్టియరిక్ ఆమ్లం (కొవ్వుల్లో ఉండే ఒక ఆమ్లం) ఎక్కువైనా, ఉప్పు మిగిలినా, నూనె పూర్తిగా సబ్బుగా మారకపోయినా మసక తప్పదు. ఆముదం కొంత కలిపితే తేటదనం పెరుగుతుంది. చక్కెర మితిమీరితే మాత్రం సబ్బు జిగురుగా తయారవుతుంది.

మందు విషయానికొస్తే, బెంజాల్కోనియం క్లోరైడ్ అనే క్రిమినాశిని వద్దే వద్దు. దానిది ధనావేశం, సబ్బుది రుణావేశం. రెండూ ముడిపడి మందు నిర్వీర్యమవుతుంది, సబ్బూ మసకబారుతుంది. ట్రైక్లోసాన్ అనే మరో క్రిమినాశినిని ఇలాంటి సబ్బుల్లో వాడకుండా అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2016లోనే నిషేధించింది. వాటికన్నా క్లోరోక్సైలెనాల్ అనే క్రిమినాశిని నయం. అయితే అది నీటిలో సరిగా కరగదు కాబట్టి ముందే ఆల్కహాల్‌లో కరిగించి, మిశ్రమం 65 డిగ్రీల సెల్సియస్‌కు దిగాక కలపాలి. దగ్గర్లో మంట ఉండకూడదు: ఆల్కహాల్ ఆవిరి ఇట్టే అంటుకుంటుంది.