పూతరేకుల వ్యాపారానికి డొమైన్ (సైట్ అడ్రస్ పేరు) ఏది తీసుకోవాలి? పేరులో కీవర్డ్ (జనం వెతికే మాట) ఉంటే గూగుల్‌లో పైకి వస్తుందా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇదీ: ఆత్రేయపురం దగ్గర మీ పిన్ని గారు పూతరేకులు చేస్తారు, ఇప్పుడు సైట్ పెట్టి హైదరాబాద్, బెంగళూరు, అమెరికాలో ఉన్న మనవాళ్ళకి పంపాలనుకుంటున్నారు, "బెస్ట్", "ఆత్రేయపురం", "పూతరేకులు", "ఆన్‌లైన్" అనే నాలుగు మాటల మధ్య హైఫన్లు పెట్టి డొమైన్ కొంటే గూగుల్‌లో మొదటి పేజీలో వచ్చేస్తుందని మీకు ఎవరో చెప్పారు, అది నిజమేనా, డాట్ కామ్ తీసుకోవాలా డాట్ ఇన్ తీసుకోవాలా అని.

నిజం కాదండీ. ఆ డొమైన్ కొనకండి. గోదావరి జిల్లాల్లో స్వీట్ల వాళ్ళకి, చీరల షాపులకి, చిన్న చిన్న హాస్పిటళ్ళకి సైట్లు చేసి పెట్టడమే నా పని. ఈ "కీవర్డ్ డొమైన్" మాట నమ్మి డబ్బు పోగొట్టుకున్న వాళ్ళని చాలామందిని చూశాను కాబట్టి కాస్త వివరంగానే రాస్తున్నాను.

ఆ మాట ఒకప్పుడు నిజమే. జనం వెతికే మాటలే డొమైన్‌గా ఉంటే లోపల సరుకు లేకపోయినా సైట్ పైకి వచ్చేసేది. 2012 సెప్టెంబర్‌లో గూగుల్ దాని మీదే ఒక అప్‌డేట్ తెచ్చింది, అప్పట్లో గూగుల్ వెబ్‌స్పామ్ టీమ్‌ని (దొంగదారిలో పైకి వచ్చే సైట్లని పట్టుకునే బృందాన్ని) నడిపిన మాట్ కట్స్ స్వయంగా ప్రకటించారు. నాణ్యత లేకుండా కేవలం పేరు బలంతో పైన కూర్చున్న సైట్లు అప్పుడు కిందకి జారాయి. ఇప్పుడైతే గూగుల్ తన ఎస్ఈఓ (సెర్చ్‌లో సైట్ పైకి రావడానికి చేసే పని) స్టార్టర్ గైడ్‌లోనే సూటిగా రాసేసింది: డొమైన్ పేరులో గానీ, ఆ తర్వాత వచ్చే అడ్రస్‌లో గానీ కీవర్డ్ ఉన్నంత మాత్రాన ర్యాంకింగ్‌కి దాదాపు ఒరిగేదేమీ ఉండదని. ఆ గైడ్ ఎవరైనా ఉచితంగా చదువుకోవచ్చు, మీకు సలహా ఇచ్చిన ఆయనకి కూడా ఒకసారి పంపండి.

మరి డొమైన్ పేరు దేనికి పనికొస్తుంది? మనిషికి. విన్న మనిషి గుర్తుపెట్టుకుని, తప్పు లేకుండా టైప్ చేయడానికి. తెలుగు పేర్లతో వ్యాపారం చేసే మనకి అసలు చిక్కంతా ఇక్కడే ఉంది, ఇంగ్లీషులో రాసిన సలహాల్లో ఇది ఎక్కడా కనిపించదు. పూతరేకులు అని ఇంగ్లీషు అక్షరాల్లో రాయమని మీ ఇంట్లోనే నలుగురిని అడగండి. పీ తర్వాత ఒకరు రెండు ఓలు పెడతారు, ఇంకొకరు ఒక్క యూతో సరిపెడతారు. 'త' దగ్గర ఒకరు టీ, ఒకరు టీహెచ్. 'రే' దగ్గర ఒకరికి ఒక ఈ, ఇంకొకరికి రెండు. ఈ మూడు చోట్ల తేడాలకే ఎనిమిది స్పెల్లింగులు తేలతాయి, ఆత్రేయపురం కూడా కలిస్తే ఇక చెప్పక్కర్లేదు. గూగుల్ సెర్చ్‌లో వీటిలో ఏది కొట్టినా చాలావరకు గూగులే సర్దుకుని సరైనవి చూపిస్తుంది. కానీ బ్రౌజర్ పైన అడ్రస్ బార్ అలా సర్దుకోదు, ఒక్క అక్షరం తేడా వచ్చినా వేరే వాళ్ళ సైట్‌కి పోతారు, లేదా ఖాళీ పేజీకి. దానికి తోడు మధ్యలో మూడు హైఫన్లు ఉంటే ఫోన్‌లో ఎలా చెబుతారు? "బెస్ట్, తర్వాత అడ్డగీత, తర్వాత ఆత్రేయపురం, మళ్ళీ అడ్డగీత..." అవతల పెద్దావిడ ఫోన్ పెట్టేస్తారు.

నా దగ్గరికి వచ్చే ప్రతి వాళ్ళతో నేను చేయించేది ఒకటే పరీక్ష. అనుకున్న పేరుని దూరంలో ఉన్న బంధువు ఎవరికైనా ఫోన్ చేసి ఒక్కసారి చెప్పండి, స్పెల్లింగ్ చెప్పకండి. విన్నది విన్నట్టు ఇంగ్లీషులో వాట్సాప్‌లో పంపమనండి. ఇలా అయిదారుగురిని అడిగితే దాదాపు అందరూ ఒకేలా పంపిన పేరే మీది. మీ పిన్ని గారి ఇంటిపేరు చిన్నదీ సులువైనదీ అయితే దాని పక్కన ఫుడ్స్ అనో స్వీట్స్ అనో చేర్చండి, చాలు. ఇంకో సంగతి. ఈ రోజు పూతరేకులు, వచ్చే ఏడు మామిడి తాండ్ర, ఆ తర్వాత సున్నుండలు, పచ్చళ్ళు కూడా మొదలుపెడతారు కదా, అప్పుడు పూతరేకులు అనే పేరున్న సైట్‌లో ఆవకాయ అమ్మడం ఇబ్బందే. పైగా మీ చుట్టుపక్కల అందరూ ఆత్రేయపురం, పూతరేకులు అనే మాటలతోనే పేర్లు పెట్టుకుంటారు కాబట్టి ఒకసారి మీ దగ్గర తిన్నవాళ్ళు మళ్ళీ మీ కోసమే వెతికినా పదిమంది వస్తారు. మీకంటూ ఒక పేరుంటే ఆ పేరుతో వెతికినప్పుడు మీరే వస్తారు. నా లెక్కలో చిన్న వ్యాపారానికి గూగుల్‌లో దొరికే అన్నిటికన్నా గట్టి ట్రాఫిక్ అదే, కొనాలనే వచ్చేవాళ్ళు వాళ్ళు. 2025 జనవరి నుంచి గూగుల్ మొబైల్ ఫలితాల్లో పేజీ పూర్తి దారి (డొమైన్ తర్వాత వచ్చే అడ్రస్ భాగం) చూపించడం మానేసింది, ఒక్క డొమైన్ మాత్రమే కనిపిస్తుంది. అంటే నొక్కాలా వద్దా అని చూసే కంటికి తగిలేది ఆ పేరే. మూడు హైఫన్ల పేరు చూస్తే జనానికి ఫేక్ సైటేమో అనే అనుమానం వస్తుంది, డబ్బు కట్టడానికి జంకుతారు.

అయితే పేరు ఖాయం చేసుకునే ముందు అది ఇంకెవరి ట్రేడ్‌మార్కో కాదని కేంద్ర ప్రభుత్వ ట్రేడ్‌మార్క్ సైట్‌లో వెతికి చూసుకోండి. డాట్ ఇన్ పేర్ల మీద తగాదా వస్తే తేల్చడానికి ప్రత్యేకంగా ఐఎన్‌డీఆర్‌పీ అనే పద్ధతి ఉంది, అవతలి వాళ్ళు గెలిస్తే డొమైన్ పోతుంది.

డాట్ కామ్, డాట్ ఇన్ సంగతి. డాట్ ఇన్ అంటే ఇది ఇండియా వాళ్ళ కోసం అని గూగుల్‌కి చిన్న సూచన వెళుతుంది, అది కూడా పెద్ద ప్రభావం చూపేదేమీ కాదు. మీకు అమెరికా ఆర్డర్లు కూడా కావాలంటున్నారు కాబట్టి డాట్ కామ్ దొరికితే అదే ముఖ్యమైనదిగా పెట్టుకోండి, వీలైతే డాట్ ఇన్ కూడా కొని డాట్ కామ్‌కి రీడైరెక్ట్ చేసేయండి, అంటే అది కొట్టినా డాట్ కామ్‌కే వెళ్ళేలా మళ్ళించేయండి. డాట్ కామ్ దొరక్కపోతే డాట్ ఇన్‌తో నిక్షేపంగా నడపొచ్చు, మన జనానికి బాగా అలవాటైనదే. డాట్ షాప్, డాట్ స్టోర్, డాట్ ఆన్‌లైన్ లాంటి వాటికి ర్యాంకింగ్‌లో అదనపు లాభం ఏమీ లేదని గూగుల్ 2015లోనే చెప్పింది. అవి మొదటి ఏడాది చాలా చవగ్గా ఇచ్చి రెన్యువల్‌కి ఎన్నో రెట్లు అడగడం మామూలు, అందుకే కొనేటప్పుడు పెద్ద అక్షరాల్లో ఉన్న ధర కాదు, కింద చిన్నగా రాసే రెన్యువల్ ధర చూడండి. తెలుగులోనే ఉండే డాట్ భారత్ కూడా ఉంది. మన లిపిలో అడ్రస్ చూసుకోవడం నాకూ ఇష్టమే, కానీ వెనకాల కంప్యూటర్లు దాన్ని 'ఎక్స్ఎన్' అని మొదలయ్యే అర్థంకాని ఇంగ్లీషు అక్షరాల గొలుసుగా మార్చుకుంటాయి, కొన్ని చోట్ల జనానికి అదే కనిపిస్తుంది, ఆ పేరుతో ఈమెయిల్ పెట్టుకుంటే చాలా ఫారాలు ఒప్పుకోవు. వ్యాపారానికి దాన్నే ముఖ్య అడ్రస్‌గా పెట్టుకోమని నేను చెప్పను.

ఎవరైనా "పాత డొమైన్ ఉంది, అథారిటీ 40 ఉంది, కొనండి" అని వస్తే దూరంగా ఉండండి. ఆ అథారిటీ అంకెలు బయటి కంపెనీలు సొంతంగా లెక్కగట్టేవి, గూగుల్‌వి కావు. వదిలేసిన పాత డొమైన్‌ని కేవలం ర్యాంక్ కోసం కొని పనికిరాని సరుకుతో నింపడాన్ని 2024 మార్చిలో గూగుల్ తన స్పామ్ నియమాల్లో చేర్చింది కూడా. మీకు నిజంగానే ఆ పేరు నచ్చితే ముందు వేబ్యాక్ మెషీన్‌లో (సైట్ల పాత కాపీలు దాచిపెట్టే సైట్) ఆ సైట్‌లో ఒకప్పుడు ఏముండేదో చూడండి, పేకాట, లాటరీ లాంటివి కనిపిస్తే వదిలేయండి.

ఇక లోపలి పేజీల అడ్రస్‌లు. ర్యాంకింగ్ విషయంలో నాకు తెలిసి చిన్న వ్యాపారాలు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే, పేరు దగ్గర కాదు. మా వైపు ఒక చీరల షాపు సైట్ చక్కగా నడిచేది, పెళ్ళి పట్టు చీరల పేజీకి గూగుల్ నుంచి రోజూ జనం వచ్చేవారు. కొత్తగా వచ్చిన డిజైనర్ ఒకాయన సైట్‌ని అందంగా మార్చాడు, దాంతోపాటు ప్రతి పేజీ అడ్రస్‌నీ మార్చేశాడు, పాత అడ్రస్ నుంచి కొత్తదానికి దారి మాత్రం పెట్టలేదు. కొన్ని వారాల్లో ఫోన్లు ఆగిపోయాయి. నన్ను పిలిచాక సెర్చ్ కన్సోల్ (మన సైట్ గూగుల్‌లో ఎలా ఉందో చూపించే గూగుల్ ఉచిత పరికరం) తెరిస్తే 'నాట్ ఫౌండ్ 404', అంటే 'పేజీ దొరకలేదు' కింద పాత పేజీలన్నీ వరసగా ఉన్నాయి, బాగా అమ్ముడుపోయే చీరలతో సహా. ఎక్సెల్‌లో ఎడమ పక్క పాత అడ్రస్, కుడి పక్క కొత్త అడ్రస్ పెట్టుకుని ఒక్కోదానికీ 301 రీడైరెక్ట్ (శాశ్వతంగా మళ్ళించడం) వేశాను. అన్నిటినీ హోమ్ పేజీకి మళ్ళించేస్తే పని తొందరగా అయిపోతుంది కానీ ఉపయోగం ఉండదు, ఏ పేజీకి దాని జోడీ పేజీయే ఇవ్వాలి. ఆ తర్వాత మెల్లగా కోలుకుంది. ఈ రీడైరెక్టులు కనీసం ఏడాదైనా ఉంచమని గూగుల్ చెబుతుంది, నేనైతే ఎప్పటికీ తీయను.

కాబట్టి మొదట్లోనే మార్చక్కర్లేని అడ్రస్‌లు పెట్టుకోండి. సైట్ వర్డ్‌ప్రెస్ (సైట్లు చేసే సాఫ్ట్‌వేర్)తో చేస్తే సెట్టింగ్స్‌లో పెర్మాలింక్స్‌కి (పేజీ అడ్రస్‌లు ఎలా ఉండాలో ఎంచుకునే చోటు) వెళ్ళి పోస్ట్ నేమ్ ఎంచుకోండి. ఒక్కో పేజీకి రెండు మూడు మాటలు చాలు: బెల్లం పూతరేకులు, డ్రైఫ్రూట్ పూతరేకులు, అలా. మాటల మధ్య హైఫనే వాడండి, అండర్‌స్కోర్ వద్దు, గూగుల్ సలహా కూడా అదే. డొమైన్‌లో వద్దన్న హైఫన్ ఇక్కడ మంచిదే, ఎందుకంటే లోపలి పేజీ అడ్రస్‌ని ఎవరూ నోటితో చెప్పరు. అన్నీ చిన్న అక్షరాల్లోనే పెట్టండి. డొమైన్ పేరుకి పెద్దబడి చిన్నబడి (క్యాపిటల్, స్మాల్ అక్షరాల) తేడా ఉండదు కానీ ఆ తర్వాత వచ్చే భాగానికి ఉంటుంది. ధర, బరువు అడ్రస్‌లో పెట్టకండి, రేపు మారతాయి. పండగ పేజీల్లో సంవత్సరం అసలే పెట్టకండి. "సంక్రాంతి స్పెషల్" అని ఒకే అడ్రస్ ఉంచి ప్రతి ఏడాదీ అందులోనే సరుకు, ధరలు మారిస్తే ఆ పేజీకి సంపాదించిన పేరంతా అక్కడే నిలుస్తుంది. సంవత్సరానికో కొత్త పేజీ పెడితే ప్రతిసారీ మొదటి నుంచి మొదలుపెట్టాలి.

అడ్రస్ తెలుగులో పెట్టొచ్చా అంటే పెట్టొచ్చు, గూగుల్‌కి ఇబ్బంది లేదు. కానీ ఒకటి చూడండి. అడ్రస్‌ని కాపీ చేసి వాట్సాప్‌లో పెడితే ఒక్కో తెలుగు గుర్తూ శాతం గుర్తులతో కలిపి తొమ్మిది అక్షరాలుగా మారుతుంది. 'తెలుగు' అనే చిన్న మాటలో అక్షరాలూ గుణింతాలూ కలిపి ఆరు గుర్తులు, అంటే లింకులో 54 అక్షరాలు. వర్డ్‌ప్రెస్ ఇలా మారిన రూపానికి 200 అక్షరాల హద్దు పెట్టింది కాబట్టి సుమారు 22 గుర్తులు దాటిన తెలుగు శీర్షిక అడ్రస్‌లో మధ్యలోనే తెగిపోతుంది. మీ ఆర్డర్లు వచ్చేదే వాట్సాప్‌లో. అందుకే పేజీ పేరూ లోపలి రాతా హాయిగా తెలుగులో పెట్టి, అడ్రస్ ఒక్కటి ఇంగ్లీషు అక్షరాల్లో ఉంచండి.

హెచ్‌టీటీపీఎస్ (సైట్‌కీ చూసేవాళ్ళకీ మధ్య సమాచారం భద్రంగా వెళ్ళే పద్ధతి) తప్పనిసరి. 2014 నుంచి అది గూగుల్‌కి చిన్న ర్యాంకింగ్ సంకేతం, దానికి కావలసిన సర్టిఫికెట్ చాలా హోస్టింగులు (సైట్‌ని ఉంచే కంపెనీలు) ఉచితంగానే ఇస్తాయి. డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ ఉన్నా లేకున్నా ఒకటే, ఏదో ఒకటి ఎంచుకుని రెండోదాన్ని దానికే మళ్ళించండి.

చివరిగా, నేను అన్నిటికన్నా ఎక్కువగా చెప్పాలనుకున్నది. డొమైన్ మీ పిన్ని గారి పేరు మీద, ఆవిడ ఈమెయిల్‌తో, ఆవిడ ఫోన్ నంబర్‌తోనే కొనండి. సైట్ చేసే అబ్బాయి "నేను చూసుకుంటాలే ఆంటీ" అంటాడు, చాలా మంచివాడే అయి ఉంటాడు, అయినా వద్దు. నాకు తెలిసిన ఒక స్వీట్ షాపు వాళ్ళ డొమైన్ డిజైనర్ అకౌంట్‌లో ఉండిపోయింది, అతను ఉద్యోగం వచ్చి వేరే ఊరు వెళ్ళి నంబర్ మార్చేశాడు, రెన్యువల్ మెయిళ్ళూ ఓటీపీలూ అతనికే పోయాయి. షాపు బోర్డు మీద, డబ్బాల మీద, కారు మీద అదే అడ్రస్. డొమైన్ గడువు దాటి పోయాక మళ్ళీ దొరకలేదు. మామూలుగా డాట్ కామ్ గడువు దాటితే కొన్నాళ్ళు మామూలు ధరకే తిరిగి తీసుకోనిస్తారు, ఆ తర్వాత 30 రోజుల రిడెంప్షన్ గడువులో అదనపు ఫీజు కట్టాలి, అదీ దాటితే ఎవరైనా కొనేయొచ్చు. కానీ ఇదంతా అకౌంట్ చేతిలో ఉన్నవాళ్ళకే. ఆటో రెన్యువల్ పెట్టండి, కార్డు గడువు ఎప్పుడు తీరుతుందో చూసుకోండి, డిజైనర్‌కి డీఎన్ఎస్ (డొమైన్ ఏ సర్వర్‌కి వెళ్ళాలో చెప్పే అమరిక) మార్చే అనుమతి వరకు ఇస్తే అతని పని జరిగిపోతుంది. ఇంకా, డొమైన్ చేతికి రాకుండా డబ్బాలు ప్రింటింగ్‌కి ఇవ్వకండి, మీరు అనుకుంటున్న పేర్లని ఇక్కడ కామెంట్లలో కూడా పెట్టకండి, ముందు కొనేసి అప్పుడు చెప్పండి.