మోకాళ్ల నొప్పులున్న అమ్మతో తొట్లకొండకు వెళ్లొచ్చా?

ప్రశ్న: సెలవుల్లో రెండు రోజులు విశాఖ వెళ్తున్నాం. మా అమ్మకు మోకాళ్ల నొప్పులు. బాబు ఆరో తరగతి. సింహాచలం, తొట్లకొండ, బావికొండ, బొజ్జన్నకొండ, సబ్‌మెరైన్ మ్యూజియం అన్నీ చూడాలని లిస్టు రాసుకున్నాం. కుదురుతుందా?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: కుదరదమ్మా. ముందు బొజ్జన్నకొండ కొట్టేయండి. అది అనకాపల్లి దగ్గర శంకరంలో ఉంది. మెట్లెక్కితే తప్ప పెద్దగా ఏమీ కనబడదు. కొండరాతినే స్తూపాలుగా మలిచిన చోటు, వద్దనడానికి నాకే మనసొప్పడం లేదు. కానీ అమ్మగారిని కింద కారులో కూర్చోబెట్టి మీరు పైకెళ్తే ఏం బాగుంటుంది?

తొట్లకొండకు మాత్రం నిక్షేపంగా తీసుకెళ్లండి. భీమిలి రోడ్డులో, ఊరికి పదిహేను కిలోమీటర్ల దూరం. ఘాట్ రోడ్డులో బండి పైదాకా పోతుంది. 1976లో నేవీవాళ్ల ఏరియల్ సర్వేలో ఈ బౌద్ధారామం ఆనవాళ్లు బయటపడ్డాయి. 1988 నుంచి 1993 దాకా తవ్వితే శాతవాహనుల సీసపు నాణేలతో పాటు రోమన్ వెండి నాణేలూ దొరికాయి. భిక్షువులుండే కొండ మీదికి రోమ్ డబ్బెలా వచ్చిందని బాబును అడగండి. తెల్లమొహం వేస్తే ఎదురుగా ఉన్న సముద్రం చూపించండి, వాడే చెప్తాడు. నీళ్ల కోసం రాతిలో తొలిచిన తొట్ల దగ్గర కాసేపు నిలబడండి. నీడ తక్కువ, పొద్దున్నే వెళ్లడం మేలు. బావికొండ కూడా ఇలాంటి బౌద్ధారామమే, ఈసారికి వదిలేయొచ్చు.

సింహాచలంలో దర్శనం కాగానే ప్రసాదం పట్టుకుని పరుగెత్తకండి. గుడి నిండా శాసనాలే. కళింగ దండయాత్రలో శ్రీకృష్ణదేవరాయలు వచ్చి స్వామికి నగలు సమర్పించినట్టు అక్కడే శాసనం ఉంది. స్వామి నిజరూపం వైశాఖ శుద్ధ తదియ నాడే కనిపిస్తుంది, మిగతా రోజుల్లో చందనం పూతే. అమ్మగారికి ఈ మాట ముందే చెప్పండి.

ఇక సబ్‌మెరైన్. ఐఎన్‌ఎస్ కుర్సుర 1969లో నేవీలో చేరింది, 1971 యుద్ధంలో పనిచేసింది, 2001లో రిటైరైంది. లోపల ఒక గదిలోంచి ఇంకో గదిలోకి గుండ్రటి కంతల్లోంచే దారి. తల వంచి, కాలు ఎత్తి దాటాలి. పిల్లలకదే సరదా, మోకాళ్లకు నరకం. బాబుతో మీలో ఒకరు వెళ్తే చాలు. పక్కనే బీచ్, అమ్మగారు అక్కడ గాలికి కూర్చుంటారు. కారులో కూర్చోవడం లాంటిది కాదులెండి ఇది! సోమవారం మ్యూజియానికి సెలవు, ఆ రోజు సింహాచలం పెట్టుకోండి.